బొట్టు పెట్టిన మిషన్లు

చేవెళ్ల పాత బజారులో రామేశ్వర్ సేటు ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళలో, ఆ ముందరి గది కిటికీలోంచి ఒక్కసారైనా తొంగి చూడనివాళ్ళు తక్కువ. చూడక ఏం చేస్తారు? గది నిండా మిషన్లు. నేల నుంచి అటక దాకా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. టైపు మిషన్లు, ఎస్టీడీ బూత్ నాటి ఎర్ర అంకెల మీటరు, కీచుకీచుమని అచ్చు కొట్టే ప్రింటరు, వీపున మూట కట్టుకున్నట్టుండే లావుపాటి కంప్యూటరు. ఒక్కటీ పనిచేయదు. అయినా ఒక్కదాని మీదా దుమ్ముండదు. అరవై దాటిన సేటు రోజూ స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, మెత్తని గుడ్డ పట్టుకుని ఆ గదిలోకి పోతాడు. పోయినవాడు, చాయ్ చల్లారుతున్నదని భార్య శారదాదేవి కేకలేస్తే గానీ బయటికి రాడు.

వారానికోసారి ఆ కిటికీ ముందు ఒక ట్రాలీ ఆటో ఆగుతుంది. అది గోవర్ధన్‌ది. మొయినాబాద్ చౌరస్తా దగ్గర అతనికి పాత సామాన్ల దుకాణం ఉంది. ఇనుము, ఇత్తడి, ప్లాస్టిక్, పాత పేపర్లు, ఏదైనా తూకం వేసి కొంటాడు. ఆ గదిని చూస్తే అతనికి నోరూరుతుంది.

"సేటూ, ఇయ్యాలన్న మనసైందా?"

"కాలే. పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చే బండి అటు పోయింది. దాని ఎనక పో, నీ గిరాకి ఆడ ఉన్నది."

గోవర్ధన్ నవ్వి ఆటో ముందుకు పోనిస్తాడు. మళ్ళీ వారం వస్తాడు. ఇద్దరికీ అదొక పలకరింపు అయిపోయింది.

అమ్మకపోవడానికి కారణం పిసినారితనం కాదు, ఆ ఇంటి కట్టు. రామేశ్వర్ తండ్రికి ఇదే బజారులో కిరాణా దుకాణం ఉండేది. దసరా నాడు తరాజును, తూకపు రాళ్ళను కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేసేవాడు. అన్నం పెట్టిన వస్తువుకు బొట్టు పెడతాం, బొట్టు పెట్టినదాన్ని తీసుకుపోయి ఇంకొకడి తరాజులో వేయం అనేవాడు. ఆయన కాలానికి ఆ మాట బరువు కాలేదు. ఆయనకున్నది ఒక తరాజు, నాలుగు రాళ్ళు, ఒక గల్లాపెట్టె. అవి ఆయన కంటే ముందే అరిగిపోయేవి కావు. కొడుకు దగ్గరికి వచ్చేసరికి రోజులు మారాయి. ఒక మిషను చేతికి అలవాటు పడేలోపు దాని చెల్లెలు పుట్టేది. ప్రతి దసరాకూ బొట్టు పెట్టడానికి ఒక కొత్త నుదురు తయారయ్యేది. పాతదాన్ని అమ్మడానికి లేదు, కనుక గదిలోకి. అట్లా ముప్పై నలభై ఏళ్ళు గడిచాక ఆ గదిలో మనిషికి చోటు లేకుండా పోయింది.

ఇప్పుడు ఆ గది కావలసి వచ్చింది. అడిగింది ఎవరో కాదు, కోడలు సంతోషి.

సేటు కొడుకు సాయి తేజ శంకర్‌పల్లి దగ్గర ప్లాట్లు అమ్మే ఆఫీసులో పనిచేస్తాడు. పొద్దున పోతే సందె పడ్డాక వస్తాడు. సంతోషి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మొయినాబాద్ రోడ్డుకు రెండు పక్కలా ఫంక్షన్ హాళ్ళు, తోటల్లో పెళ్ళి మండపాలు లేచాక ఆమె చేతికి ఖాళీ లేదు. కానీ ఈ కాలం పెళ్ళికూతుళ్ళకు వట్టి కుట్టు సరిపోదు. వీపు మీద నెమళ్ళు కావాలి, చేతుల మీద ఏనుగులు కావాలి. ఆ పని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను మీదే అవుతుంది. దాని కోసం సంతోషి గుడ్డలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి మెహదీపట్నం పోయేది. అక్కడ వరుసలో కూర్చుని, తన వంతు వచ్చాక చేయించుకుని, బస్సులో నిలబడే తిరిగి వచ్చేది. ఇట్లా కాదని ధైర్యం చేసి సొంతంగా ఒక మిషను బుక్ చేసింది. అది శ్రావణ శుక్రవారం నాడు వస్తుంది. బరువైనది, మేడ ఎక్కదు. వెనక గదులకు పోయే తోవలో పట్టదు. దానికి ముందరి గది ఒక్కటే గతి.

బుక్ చేసే ముందు సంతోషి మామగారిని అడిగింది. "తీసుకో బిడ్డా, నీకంటె ఎక్కువనా" అన్నాడాయన. నిండు మనసుతోనే అన్నాడు. ఖాళీ చేయడమంటే ఏం చేయాలో అప్పుడు ఆలోచించలేదు.

ఆయన జీవితమంతా అట్లాగే గడిచింది. ముందు సరే అనేవాడు, తర్వాత అందులోకి దూరి చూసేవాడు. మీసం మొలిచీ మొలవని వయసులో నగరానికి పోయి టైపు నేర్చుకుని వచ్చి, తండ్రి ముందు నిలబడి ఇన్‌స్టిట్యూట్ పెడతానన్నాడు. ఉప్పు కొంటరు, పప్పు కొంటరు, టకటక చప్పుడు ఎవడు కొంటడురా అని తండ్రి తల పట్టుకున్నాడు. కొన్నారు. ముడిమ్యాల నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లలు సైకిళ్ళ మీద వచ్చారు. కొన్నేళ్ళు ఆ బజారు కోడి కూతతో కాక టైపు చప్పుడుతో లేచింది. సందు చివరి ఇళ్ళలో పసిపిల్లలు ఆ చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడ్చేవారట.

తర్వాత ఎస్టీడీ బూత్ వచ్చింది. అద్దాల తలుపు, లోపల ఒక స్టూలు, గోడకు ఎర్రగా మెరిసే మీటరు. ఫోను పట్టుకున్నవాళ్ళ కళ్ళు ఆ అంకెల మీద, నోరు ఫోనులో. తలుపు వేసినా లోపలి మాటలు బజారంతటికీ వినబడేవి. ఎంత దూరం మాట్లాడితే అంత గట్టిగా అరవాలని జనం నమ్మిక.

ఆ తర్వాత కంప్యూటరు. కోఠి నుంచి థర్మాకోల్ పెట్టెలో దాన్ని తెచ్చిన రోజు బజారు బజారంతా వచ్చి చూసింది. వేడికి తట్టుకోదని ఎవరో చెబితే, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానును దాని ముందు పెట్టాడు. ఆ ఎండాకాలం శారదాదేవి విసనకర్రతో గడిపింది. ఇంట్లోకి సవతిని తెచ్చుకున్నరు అని ఆమె చుట్టాలందరికీ చెప్పుకుంది. ఆయన మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని దాన్ని విప్పడం, చూడడం, మళ్ళీ బిగించడం. బిగించాక రెండు మూడు మరలు మిగిలేవి. అయినా అది నడిచేది. మరలు మిగిలినా నడిచే వస్తువును తన జన్మలో చూడలేదని తండ్రి ఆశ్చర్యపోయాడు.

ఇక ఒకదాని వెనక ఒకటి. తమలపాకంత ఫ్లాపీలో ఒక్క పెళ్ళిపత్రిక పట్టేది. తర్వాత సీడీలో వంద పెళ్ళిళ్ళు పట్టాయి. ఆ తర్వాత బొటనవేలంత పెన్‌డ్రైవ్‌లో ఊరి పెళ్ళిళ్ళన్నీ పట్టాయి. మొట్టమొదటి కంప్యూటర్లు ఫంక్షన్ హాలంత ఉండేవని, లోపల మనుషులు నడిచేవాళ్ళని, ఇప్పుడు అంతకంటే తెలివైనది అంగీ జేబులో పడుతున్నదని సేటు ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాడు. చివరికి ఆ జేబులో పట్టేదే ఆయన దుకాణాన్ని మింగింది. టైపు, ఫోను, ఇంటర్‌నెట్, అన్నీ జనం చేతిలోకే వచ్చాక ఆయన దగ్గరికి రావలసిన పని ఏముంది? దుకాణం ఏ రోజు మూతపడిందో బజారులో ఎవరికీ గుర్తు లేదు. ఆయనక్కూడా సరిగా గుర్తు లేదు. ఒక రోజు తెరవలేదు, ఎవరూ అడగలేదు.

అందుకే ఆ గది. ఆ మిషన్లు అట్లా వరుసగా కూర్చుని ఉంటే, తాను ఇన్నేళ్ళు వట్టిగా కూర్చోలేదని ఆయనకు ఒక సాక్ష్యం. అవి పోతే ఏం మిగులుతుంది? ఆ మాట పైకి ఎవరితోనూ అనలేదు.

శుక్రవారం దగ్గరపడింది. సోమవారం నాడు సేటు తనకు తానే గోవర్ధన్‌కు ఫోను చేసి రమ్మన్నాడు. గోవర్ధన్ నమ్మలేక ఎలక్ట్రానిక్ కాంటా భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. అరుగు మీద కాంటా పెట్టి, మొదట చేతికందిన టైపు మిషనును దాని మీదికెక్కించాడు. అంకెలు గిరగిరా తిరిగి నిలబడ్డాయి. సేటు అంకెల వైపు చూడలేదు. మిషను పక్కరేకు మీద ఏనాటివో కుంకుమ చుక్కలు, ఒకదాని మీద ఒకటి పడి గట్టిపడి ఉన్నాయి. వాటి వైపు చూశాడు.

"దించు," అన్నాడు.

"సేటూ, నువ్వు జర లోపలికి పోయి చాయ్ తాగు. నేను చూసుకుంట."

"నేను లోపటికి పోతె తరాజు తరాజు కాకుంట పోతదా?"

గోవర్ధన్ గడ్డం గోక్కున్నాడు. తూకం మాటే వద్దు, అందాజగా ఒక మాట అనుకుని తీసుకుపోతానన్నాడు.

"అందాజ అంటే కంటితోని తూచుడే గద," అన్నాడు సేటు. గోవర్ధన్ మిషనును దించి, గుడ్డతో తుడిచి మరీ లోపల పెట్టి, కాంటా తీసుకుని పోయాడు.

ఇదంతా గడప దగ్గర నిలబడి సంతోషి చూసింది.  లోపలికి పోయి కుట్టడానికి కూర్చుంది. కానీ ఆ రోజు ఆమె కుట్టు మిషను చప్పుడు రోజుటికంటే గట్టిగా వినిపించింది. సందె వేళ వచ్చి మామగారి ముందు నిలబడి, మామూలు గొంతుతోనే చెప్పింది.

"మామయ్యా, మిషిన్‌కు జాగ లేకపోతె శంకర్‌పల్లిల ఇంకొకామె అడుగుతున్నదట. ఆమెకే పంపుమని చెప్త. మల్ల దసరా దాటినంక వస్తదట. అప్పుడు చూసుకుందాం."

దసరా దాటితే పెళ్ళిళ్ళ కాలం సగం దాటినట్టే. ఒప్పుకున్న జాకెట్లకు మళ్ళీ మెహదీపట్నం బస్సులే. ఆ సంగతి ఆమె అనలేదు, ఆయనకు తెలియకా పోలేదు. రేపటి దాకా ఆగు బిడ్డా అన్నాడు గానీ, రేపటికి ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. ఆ పూట అన్నం ముందు కూర్చుని వేళ్ళతో గీతలు గీసి లేచాడు.

మర్నాడు పొద్దున శారదాదేవి చిక్కుడుకాయలు తుంచుతూ ఆయన ముందు కూర్చుంది. ఆమె తుంచే తీరు చూస్తేనే ఏదో అనబోతున్నదని ఆయనకు అర్థమైంది.

"మీ బాపు వాడిన మానిక ఏడున్నది?" అని అడిగింది.

మానిక అంటే గింజలు కొలిచే పాత్ర. అది అక్క దగ్గర ఉన్నదన్నాడు. రామేశ్వర్ అక్క రాధమ్మను ముడిమ్యాలలో ఇచ్చారు. వాళ్ళదీ కిరాణా దుకాణమే.

"ఆమె దగ్గరికి ఎట్ల పోయింది? బొట్టు పెట్టిన మానికనే గద అది."

"బాపు ఇచ్చిండు. ఒడిబియ్యం పోసి అత్తగారింటికి తోలినప్పుడు."

"ఆఁ. తూచలే, అమ్మలే, సాగనంపిండు. తరాజుల వెయ్యొద్దన్నడు మీ బాపు. ఆడిబిడ్డను సాగనంపినట్టు పంపొద్దని ఎప్పుడన్న అన్నడా?"

సేటు మిషన్లకు అత్తగారిల్లు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

"సంబంధాలు చూడాలె," అంది శారదాదేవి. "మనకు కొత్తనా?"

ఆ ఇద్దరూ అప్పటికప్పుడు పెళ్ళిళ్ళ పేరయ్యల్లా కూర్చున్నారు. ఏ మిషను ఎవరింటికి? దాన్ని ఎరిగినవాళ్ళయి ఉండాలి, చోటుండాలి, మర్యాదగా చూసుకోవాలి. శారదాదేవి ఫోను చేస్తూ పోయింది. సంతోషి చిక్కుడుకాయల గిన్నె తన ముందుకు లాక్కుని, వింటూ, మొదటిసారి నవ్వింది.

మొదటి సంబంధం మంజులది. ఒకప్పుడు మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చి టైపు నేర్చుకున్న అమ్మాయి. ఇప్పుడు మొయినాబాద్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం. ఆఫీసులో కంప్యూటరు మీద ఆమె వేళ్ళు పడుతుంటే పక్క కుర్చీవాళ్ళు తిరిగి చూస్తారట. అంత గట్టిగా కొట్టకమ్మా, అది పాత టైపు మిషను కాదు అంటారట. ఆమె స్కూటీ మీద వచ్చింది. శారదాదేవి పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, ఒక రవికె గుడ్డ పళ్ళెంలో పెట్టుకుని తయారుగా ఉంది. వాటిని మంజుల ఒళ్ళో పోసింది. తర్వాత టైపు మిషను ముందు నిలబడి ఆగిపోయింది.

"దీని ఒడి ఏడున్నదే?" అని కోడలిని అడిగింది.

అక్షరాల కడ్డీలు బొక్కెనలా గుండ్రంగా వాలి ఉన్న చోటును సంతోషి చూపించింది. శారదాదేవి దోసిలి నిండా అందులో పోసింది. సేటు అయ్యయ్యో అనేలోపు బియ్యం లోపలికి జారిపోయింది. రాత్రి మంజుల ఫోను చేసి, సార్, ఏ అక్షరం కొట్టినా కాగితం మీద అచ్చు పడడం లేదు, టేబుల్ మీద బియ్యం పడుతున్నాయి అంది. సేటు ఫోనులోనే దాన్ని ఎట్లా విప్పాలో చెప్పాడు. చెబుతుంటే ఆయన గొంతు ఇన్‌స్టిట్యూట్ నాటిది అయిపోయింది. మర కింద పెట్టుకో, పోగొట్టుకోకు, నువ్వు ఎప్పుడూ తొందరే అని మందలించాడు కూడా.

బుధవారం ఎస్టీడీ మీటరు పోయింది. దానికి కుదిరిన ఇల్లు ముడిమ్యాల భిక్షంది. భిక్షం క్యారెట్, కొత్తిమీర పండిస్తాడు. పెళ్ళి కుదిరిన కొత్తలో అతను ఈ బూత్‌కు రోజూ వచ్చేవాడు. పిల్లది శంకర్‌పల్లి అవతల ఊరు. వాళ్ళ పక్కింటికి ఫోను చేస్తే పిలుచుకొచ్చేవాళ్ళు. ఆమె వచ్చి ఫోను పట్టుకునేది. ఇద్దరూ మాట్లాడేవాళ్ళు కాదు. భిక్షం ఎర్ర అంకెల వంక చూస్తూ నిలబడేవాడు. సేటు బయటి నుంచి అద్దం మీద కొట్టి, మాట్లాడు రా, మీటరు తిరుగుతున్నది అని అరిచేవాడు. ఆ పిల్లే సంగమ్మ. ఇప్పుడు ఆమెకు మాట్లాడడం బాగానే వచ్చు. భర్త వెంట ఆటోలో వచ్చి, ఒళ్ళో బియ్యం పోయించుకుని, మీటరును ఎగాదిగా చూసి నవ్వింది.

"ఇదేనా సేటూ? ఏం మాట్లాడకనే నా పెండ్లి ఖర్చంత గిదే తిన్నదట గద."

"మీ ఆయన అరువు పెట్టిండా, లేదు. నిలబడి కట్టిండు."

"మరి ఆ మాటలన్ని ఇప్పుడు మాట్లాడుమను. ఇప్పుడు మీటరు తిరగది గద," అంది సంగమ్మ. భిక్షం అప్పట్లాగే మీటరు వంక చూస్తూ నిలబడ్డాడు.

మిగిలిన టైపు మిషన్లు, ప్రింటరు, మోడెమ్, సీడీలు చదివే డబ్బాలు, తక్కిన చిల్లర సామానంతా ఊరి బడికి పోయింది. పిల్లలకు విప్పి చూపిస్తానని సైన్సు సారు చెప్పగానే సేటు ముఖం వెలిగింది. విప్పేవాళ్ళ ఇంటి కంటే మంచి ఇల్లు ఏముంటుంది? మరలు కొన్ని మిగిలితే ఏం ఫికర్ చేయొద్దని కూడా ఆయన సారుకు చెప్పి పంపాడు.

గురువారం మధ్యాహ్నానికి గదిలో ఒక్కటే మిగిలింది. ఆ లావుపాటి కంప్యూటరు.

అన్నిటికంటే ఆయనకు ముద్దైనది అదే. దాన్నే ఎవరూ చేసుకోలేదు. అట్లాంటివి స్టోరు రూములో ఇప్పటికే రెండు పడి ఉన్నాయని సైన్సు సారు వెనక్కి తగ్గాడు. మంజుల ఇంట్లో టైపు మిషనుకే చోటు కష్టమైంది. అందులో సీరియళ్ళు వస్తాయా అని భిక్షం అడిగాడు. రావంటే ఊరుకున్నాడు. ముడిమ్యాల అక్కకు ఫోను చేస్తే, తమ్ముడూ నీకు ఏమైనా కావాలంటే అడుగు గానీ అది మాత్రం పంపకు అంది. శారదాదేవి చేతిలో పళ్ళెం పట్టుకుని, ఇంకెవరు అని ఆలోచిస్తూ నిలబడింది. సంతోషి నేల తుడుస్తూ దాని చుట్టూ తుడిచింది, జరపలేదు. దాని ముందు స్టూలు వేసుకుని సేటు కూర్చున్నాడు. రేపు వచ్చే మిషనుకు సరిగ్గా ఇదే మూలలో కరెంటు ప్లగ్గు ఉంది. కంప్యూటరును ఇంట్లో ఇంకెక్కడన్నా పెడదామంటే, వంటింట్లో పెట్టమంటారా అని శారదాదేవి కళ్ళతోనే అడిగింది.

అప్పుడు బయట ట్రాలీ ఆటో ఆగింది. ఊళ్ళో అందరూ చెప్పుకుంటున్న ఈ సాగనంపే వేడుక చూద్దామని గోవర్ధన్ వచ్చాడు. కాంటా తేలేదు. గడప దగ్గరికి వచ్చి, చెప్పులు విడిచి, లోపలికి అడుగుపెట్టాడు.

"చెప్పులెందుకు విడిచినవ్? నేల తడిగ ఉన్నది," అన్నాడు సేటు.

"అలవాటు సేటూ. అప్పట్ల గీ రూముకు చెప్పుల్తోని రానిచ్చినవా ఎవర్నన్న? దుమ్ము పోతె దానికి దగ్గొస్తదంటివి."

నువ్వు అప్పట్లో ఇక్కడికి వచ్చేవాడివా అని సేటు అడిగాడు. గోవర్ధన్ కంప్యూటరు ముందు గొంతుక్కూర్చుని చెప్పాడు. పదో తరగతి రిజల్టు రోజు. ఇంటర్‌నెట్ ఈ ఒక్కచోటే. సందు చివరి దాకా పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు. సేటు నంబరు కొట్టడం, ఫలానా వాళ్ళు పాస్ అని గట్టిగా అరవడం, బయట ఈలలు. తన నంబరు కొట్టాక సేటు స్క్రీను వైపు ఒకసారి చూసి, దాన్ని గోడ వైపు తిప్పేసి, సర్వర్ డౌన్ అయింది, నీది సాయంత్రం వచ్చి చూసుకో అన్నాడు. సాయంత్రం ఎవరూ లేని వేళ పోతే, ముందు చాయ్ తెప్పించి, తాగాక లెక్కలు పోయాయని చెప్పాడు.

"ఆ రోజు నలుగుట్ల చెప్తె నేను మల్ల చేవెళ్ల మొఖం చూసేటోన్ని కాదు సేటూ. మా నాయిన పక్కనే నిలబడి ఉండె. నా ఒక్కనికోసం సర్వర్ డౌన్ చేసినవ్ నువ్వు."

సేటు ఆ ముఖాన్ని పట్టి పట్టి చూశాడు. గుర్తు రాలేదు. అబద్ధం చెప్పడం ఇష్టం లేక నిజమే చెప్పాడు.

"ఆ రోజుల్ల సర్వర్ శానసార్లు డౌనయ్యేది, గోవర్ధన్."

గోవర్ధన్ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, తర్వాత పడీ పడీ నవ్వాడు. "అందరికీ గదే చెప్పినవా? ఇన్నేండ్ల సంది నా ఒక్కనికే అనుకుంటున్న."

శారదాదేవికి పళ్ళెంలో బియ్యం కదిలేంత నవ్వు వచ్చింది. రిజల్టు వచ్చిన సాయంత్రం ఎంతమంది చాయ్ తాగి పోయేవారో ఆమెకు తెలుసు. కాచింది ఆమే కదా.

నవ్వు ఆగాక గోవర్ధన్ కంప్యూటరు మీద చేయి వేసి, "నాకియ్యి సేటూ," అన్నాడు.

"నీ ఇంట్ల తరాజు ఉన్నది."

"ఉన్నది. దీన్ని దాని మీద పెట్ట. దానికి ఎదురుంగ, గల్లా పక్కన పెడ్త. వచ్చినోల్లు గిదేందంటె చెప్త."

"ఏమని చెప్తవ్?"

"నేను ఫెయిలైన సంగతి నాకంటె ముందు దీనికి తెలుసని చెప్త. నాకు సిగ్గేం లేదు ఇప్పుడు."

సేటు లేచి, గుడ్డ తీసుకుని, కంప్యూటరును ముందూ వెనకా ఒకసారి తుడిచాడు. అదే ఒప్పుకోలు. గోవర్ధన్ భుజం మీది తువ్వాల పరిచి పట్టుకుంటే శారదాదేవి అందులో బియ్యం పోసింది. కుడుక పెట్టింది. ఏ ఇంటికి పోయినా తూచి తీసుకోవడమే గానీ, తూచకుండా తన చేతిలో పెట్టినవాళ్ళు లేరని గోవర్ధన్ మెల్లగా అన్నాడు. తర్వాత కంప్యూటరును రెండు చేతులా ఎత్తుకుని, అలవాటు కొద్దీ, "బరువు బాగనే ఉన్నది, ఒక పది..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాడు. ముందు నవ్వింది సేటే.

శుక్రవారం పొద్దున సంతోషి తలస్నానం చేసి గుమ్మానికి మామిడాకులు కట్టింది. మిషను తెచ్చిన లారీ, కూరగాయల బండ్ల మధ్య సందులోకి తిరగలేక పెద్ద రోడ్డు మీదే ఆగిపోయింది. గోవర్ధన్ తన ట్రాలీ వేసుకుని పోయి, నలుగురిని పట్టి దాన్ని దించి, ఊరేగింపుగా గది ముందుకు తెచ్చాడు. ఖాళీ గదిలో, కరెంటు ప్లగ్గు ఉన్న మూలలో అది సరిగ్గా ఒదిగింది. సంతోషి దాని చుట్టూ ఒకసారి తిరిగి, గోడకూ దానికీ మధ్య తాను పట్టే చోటు ఉన్నదో లేదో చూసుకుని, అప్పుడు గట్టిగా ఊపిరి వదిలింది. మెహదీపట్నం సంచిని మేకుకు తగిలించేసింది.

బిగించడానికి వచ్చిన మెకానిక్ పేరు ప్రేమ్‌చంద్. సంతోషికి నేర్పడానికి వచ్చాడు గానీ, ప్రశ్నలన్నీ సేటువే. సూదికి ఎక్కడ దిగాలో ఎట్ల తెలుసు? రంగు మార్చాలని ఎవరు చెప్తారు? కరెంటు పోతే నెమలి ఎక్కడ ఆగిందో దానికి యాదికుంటుందా? ప్రేమ్‌చంద్ ఓపికమంతుడు. తమది నేతపని చేసిన ఇల్లని, తాత మగ్గం మీద అట్టల దండ వేలాడేదని చెప్పాడు. ఆ అట్టలకు చిల్లులుంటాయి. చిల్లు ఉన్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలు తిరుగుతుంటే చీర మీద పువ్వు దానంతటదే పడుతుంది.

"లెక్కలు చేసే మిషన్లను మొదలు కనిపెట్టాలని చూసినోల్లు ఆ అట్టల నుంచే నేర్చుకున్నరు సార్," అన్నాడు. "చిల్లు ఉన్నదా లేదా, అంతే. మొత్తం కంప్యూటర్ల కథ ఆడికెల్లి షురూ అయింది."

సేటు నిలబడ్డవాడు స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ళూ ఫంక్షన్ హాలంత కంప్యూటరు దగ్గర నుంచే కథ మొదలుపెట్టి ఊరందరికీ చెప్పాడు. దానికంటే ముందు ఒక మగ్గం ఉన్నదని ఇప్పుడు తెలిసింది. తన గదిలోంచి పోయినవాటి స్థానంలోకి ఏదో పరాయిది వచ్చిందనుకున్నాడు. తీరా చూస్తే ఇది ఆ చెల్లెళ్ళందరి పుట్టింటి నుంచి వచ్చిన మనిషి. ఈ సంగతి చెప్పాల్సినవాళ్ళు బజారులో ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే ఆయనకు కాలు ఒకచోట నిలవలేదు. ముందు శారదాదేవిని పిలిచి చెప్పాడు. ఆమె చేతిలో హారతి పళ్ళెం ఉంది. అయితే ఈసారి ఫ్యాను ఎవరికో ముందే చెప్పమని అడిగింది.

ప్రేమ్‌చంద్ చట్రంలో గుడ్డ బిగించి, నెమలి బొమ్మ ఎంచి, బటన్ నొక్కమని సంతోషికి చెప్పాడు. సంతోషి మామగారి వైపు చూసి, మీరు నొక్కుండ్రి అంది. ఆయన నొక్కాడు. సూది టకటకమంటూ మొదలుపెట్టింది. మెడ, రెక్క, తోక మొదలు. గడప దగ్గర నిలబడ్డ గోవర్ధన్, కిటికీలో ఇరుగుపొరుగు, అందరి కళ్ళూ నీలం దారం మీదే. సేటుకు పైన కనిపించేది చాలలేదు. కింద దారం ఎట్లా అందుకుంటున్నదో చూడాలని ఇంకా ఇంకా వంగాడు. వంగగా వంగగా ఆయన కండువా కొస జారి చట్రం మీద పడింది. ఎవరూ చూడలేదు. మిషను మాత్రం తన పని తాను చేసుకుపోయింది. అది మధ్యలో ఆగి కుయ్యిమని అరిచేసరికి, నెమలి తోక సగం గుడ్డ మీద, సగం సేటు కండువా మీద ఉంది. కండువా ఆయన మెడకు చుట్టుకుని ఉంది.

కిటికీలో నవ్వులు పేలాయి. ప్రేమ్‌చంద్ పాపం కంగారుపడి కత్తెర వెతికాడు. సంతోషి నవ్వు ఆపుకుంటూ, "కదలకుండ్రి మామయ్యా, కుట్టు విప్పుత," అని దగ్గరికి వచ్చింది.

సేటు వంగినవాడు వంగినట్టే ఉండి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"జర ఆగు బిడ్డా," అన్నాడు. "ఇక్కడికెల్లి కింది దారం మంచిగ కనవడుతున్నది. ఆ తోకను కూడ పూర్తి కానియ్యి."